తుపాను రాత్రికి మీడియం వేవే దిక్కు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. చేతిలో ఫోను ఉండీ కబురు తెలియక జనం అల్లాడిపోయారు. అలాంటి రాత్రుల కోసమైనా శక్తిమంతమైన మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను నిలుపుకోవాలి.

ఎఫ్ఎం ఉండగా ఈ పాత బండి ఎందుకని చాలామంది అడుగుతున్నారు. ఎఫ్ఎం తరంగం దాదాపు కనుచూపు మేరకే పోతుంది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని సాగుతుంది. సముద్రం ఉప్పునీటి మీద ఇంకా దూరం పోతుంది. వేటకు వెళ్లిన పడవకు హెచ్చరిక అందించడానికి ఇంతకన్నా ఏం కావాలి? పొద్దుగూకితే పై వాతావరణం నుంచి వెనక్కి మళ్లి వందల కిలోమీటర్ల అవతల కూడా దిగుతుంది.

విజయవాడ ఆకాశవాణినే తీసుకోండి. 837 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్లు. ఆ తరంగం పొడవు 358 మీటర్లు. అందులో నాలుగో వంతు ఎత్తు ఏరియల్ కట్టాలంటే దాదాపు 90 మీటర్లు లేపాలి. ఇలాంటి కేంద్రాల్లో ఉక్కు స్తంభమే ఏరియల్. అది నేలను తాకకూడదు కాబట్టి బరువంతా అడుగునున్న పింగాణీ ఇన్సులేటర్ మోస్తుంది. పక్కనే చిన్న సందుతో రెండు లోహపు గోళాలు ఉంటాయి. పిడుగు పడితే ఆ విద్యుత్తు సందు దాటి భూమిలోకి పోతుంది. స్తంభం చుట్టూ మట్టిలో రాగి తీగలు చక్రం ఆకుల్లా పరిచి ఉంటాయి. అవి తెగినా, దొంగలెత్తుకుపోయినా ప్రసారం బలం తగ్గిపోతుంది.

ఖర్చు మాట నిజమే. ఎవరూ మాట్లాడకపోయినా శబ్దాన్ని మోసుకెళ్లే కేరియర్ తరంగం పోతూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. గొంతు పూర్తి స్థాయికి లేచిన క్షణంలో 100 కిలోవాట్ల యంత్రం 400 కిలోవాట్ల పోటును తట్టుకోవాలి. కానీ ఈ ఖర్చుకు విరుగుడు వచ్చింది. నీళ్లతో చల్లబరచాల్సిన పెద్ద వాల్వుల స్థానంలో ఇప్పుడు ట్రాన్సిస్టర్ మాడ్యూళ్లు వరుసగా అమరుస్తున్నారు. ఒకటి చెడిపోయినా మిగతావి పనిచేస్తాయి, ప్రసారం ఆపకుండానే దాన్ని మార్చేయొచ్చు. శబ్దం తగ్గినప్పుడు కేరియర్‌నూ తగ్గించి కరెంటు మిగిల్చే పద్ధతి కూడా ఉంది.

ఫ్రాన్స్, జర్మనీ ప్రభుత్వ రేడియోలు 2015 చివరికల్లా మీడియం వేవ్‌కు స్వస్తి చెప్పాయి. మన తూర్పు తీరానికి తుపాన్లు తప్పవు. వాళ్ల లెక్క మనకు సరిపోదు. రేడియోకు వచ్చే ప్రకటనల ఆదాయం చూసి తీరంలోని ట్రాన్స్‌మిటర్ల తలరాత రాయకూడదు. వాటి కరెంటు బిల్లులో, జనరేటర్ డీజిల్‌లో వాటాను విపత్తు నిర్వహణ నిధుల నుంచి ఇవ్వాలి. ప్రతి తుపాను షెల్టర్‌లోనూ బ్యాటరీలతో నడిచే మీడియం వేవ్ రేడియో ఒకటి ఉంచాలి. రెండూ కలిపినా అయ్యే ఖర్చు, వేళకు హెచ్చరిక అందక పోయే ప్రాణాల ముందు ఏపాటిది?