అతుకు మీదే ఉప్పునీటి కన్ను

మన కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు ఇళ్ళల్లో అటక మీద పాత ఇత్తడి బిందె ఒకటైనా ఉంటుంది. అడుగు చిల్లిపడి ఎప్పుడో మాటు వేయించినదైతే ఒకసారి దించి చూడండి. చిలుము ముందుగా పట్టేది ఆ మాటు చుట్టూనే. ఇంట్లో అది చింతపండుతో తోమితే పోయే సంగతి. సముద్రంలో మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

కోవిల్‌పట్టికి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని తూత్తుకుడి 1974లో దేశపు పెద్ద రేవుల్లో చేరింది. ఐ.టి.ఐ. చదివి అటువైపు వర్క్‌షాపుల్లో వెల్డింగ్ పనికి వెళ్ళే మన కుర్రవాళ్ళున్నారు. వాళ్ళ చేతికి వచ్చే వస్తువుల్లో ఒకటి పడవ ప్రొపెల్లర్, అంటే నీళ్ళలో తిరిగే పంకా.

చిన్న పడవల పంకాలను చాలావరకు మాంగనీస్ బ్రాంజ్‌తో పోస్తారు. పేరుకు కంచే గాని, అది ఇత్తడి జాతి: నూటికి సుమారు 58 పాళ్ళు రాగి, మిగిలినదాంట్లో చాలాభాగం తుత్తునాగం. అసలు కంచంటే రాగి, తగరం కలిసినది. ఈ పేరు ఎవరు పెట్టారో గాని, చాలామందిని తికమక పెడుతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీరు ఇత్తడిలోని తుత్తునాగాన్ని లాగేస్తుంది. మిగిలేది గుల్లబారిన రాగి. ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. పసుపు రంగు పోయి ఎర్రబారిన మచ్చ కనబడితే ఇదే జరిగిందని అనుమానించాలి.

విరిగిన రెక్కను వెల్డింగ్ చేస్తే చిక్కు పెరుగుతుంది. తుత్తునాగం 907 డిగ్రీలకే మరుగుతుంది. మంట దగ్గర లేచే తెల్లని పొగ అదే. (ఆ పొగ పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. గాలి ఆడేచోట పని చేయమని మీ పిల్లలకు చెప్పండి.) దాంతో అతుకులోని లోహం పాత లోహంలా ఉండదు. రెండు తీరుల లోహం ఉప్పునీటిలో కలిసి మునిగితే బ్యాటరీలా పనిచేసి, బలహీనమైనది కరుగుతుంది. అతుకు చిన్నది, రెక్క పెద్దది గనుక, అతుకే బలహీనమైతే దెబ్బంతా దాని మీదే పడుతుంది. పైగా చల్లారేటప్పుడు లోహంలో బిగువు మిగిలిపోతుంది. ఆ బిగువుకు ఉప్పునీరు తోడైతే సన్నని పగుళ్ళు పుడతాయి.

అందుకే ఓడలకు సర్టిఫికెట్లిచ్చే సంస్థలు ఈ లోహానికి వెల్డింగ్ అయ్యాక మళ్ళీ నిదానంగా వేడిచేసి బిగువు తీయాలంటాయి. రెక్క మొదట్లో, ఎక్కువ ఒత్తిడి పడే భాగంలో వెల్డింగ్‌కు మామూలుగా ఒప్పుకోవు. గట్టున గంటలో ముగించే పనిలో ఈ జాగ్రత్తలకు తావేదీ? నడిసముద్రంలో రెక్క ఊడితే పడవలోని వారి గతేమిటి? నా మట్టుకు, మొదట్లో పగిలిన రెక్కను అతకమని ఎవరడిగినా కుర్రవాడు "కాదు" అనడమే మేలు. కూలి పోతే పోయింది.

ఈ శాస్త్రం మనకు దూరపుదేమీ కాదు. విరుదునగర్ పక్క జిల్లాలోనే కారైక్కుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయం 1953 నుంచి ఉంది. అళగప్ప చెట్టియార్ 300 ఎకరాల నేల, 15 లక్షల రూపాయలు ఇస్తే వెలసినది. లోహాలను సముద్రం ఎలా తింటుందో చూడటానికి అక్కడివారు మండపం దగ్గర పరీక్షలు చేశారు.

పడవలున్న బంధువులెవరైనా ఉంటే ఇంకొక్క మాట చెప్పండి. పంకా దగ్గర బిగించే జింకు దిమ్మ తాను కరిగి పంకాను కాపాడుతుంది. సగం కరిగేసరికి మార్చాలి. చూపుకు బాగుంటుందని దానికి రంగు పూయకూడదు. పూస్తే అది పనిచేయదు.