సంద్రం నీరు తీసే వేళ

ఇబ్రహీంపట్నం పెద్దచెరువును ఎరిగినవారికి నీటి అంచు ఒకచోట నిలిచేది కాదని వేరే చెప్పనక్కర్లేదు. వానలు పడి వరదొస్తే చెరువు ఒళ్లు చేస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ నీరు తీసి శిఖం బయటపడుతుంది. ఆ శిఖం పూర్తిగా నేలా కాదు, పూర్తిగా చెరువూ కాదు. నీరున్నన్నాళ్లు చేపలది, నీరు తీశాక పశువులది, కొంగలది. పైకి నీళ్లు కనబడనంత మాత్రాన అది చెరువు కాకుండా పోదని రెవెన్యూ రికార్డులు కూడా ఒప్పుకుంటాయి.

సముద్రానికీ ఒక శిఖం ఉంది. చెరువు ఏడాదికి ఒకసారి చేసే పనిని సముద్రం రోజుకు రెండుసార్లు చేస్తుంది. సెలవులకు విశాఖ వెళ్లే మన ప్రాంతపు కుటుంబాలు చాలావరకు ఈ సంగతి పట్టించుకోకుండానే తిరిగి వస్తాయి. బొర్రా గుహలు, అరకు, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి చూడగా మిగిలిన పూట బీచ్‌కు దక్కుతుంది. ఆ పూట పోటు మీద ఉందో, నీరు తీసి ఉందో ఎవరూ అడగరు. పాదాలు తడుపుకొని, నాలుగు సెల్ఫీలు దిగి, పిల్లల జేబుల్లో పిడికెడు గవ్వలతో బస్సెక్కుతాం. చూసింది సముద్రాన్నే, సందేహం లేదు. కానీ మనకు వీలైన వేళకు చూశాం. దాని వేళకు వెళ్తే కనిపించేది వేరు.

ఆ వేళ లెక్క కష్టమైనదేమీ కాదు. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ దాని తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయించినట్టే ఈ వేళలు కూడా రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలోకి వస్తుంది కనుక నీరు ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గిపోతుంది. విశాఖలో అమావాస్య, పున్నమి రోజుల ఎత్తుపల్లాల తేడా సుమారు మీటరున్నర. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఎనిమిది మీటర్లు దాటుతుంది కాబట్టి, ఆ లెక్కన మనది చిన్నదే. అయినా ఏటవాలు రాళ్ల మీద ఆ మీటరున్నరే బోలెడంత చోటును బయటపెడుతుంది.

రాళ్లు అంటున్నది ఊరికే కాదు. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఎక్కువ భాగం ఇసుక, బురద. గోదావరి, కృష్ణ, పెన్న తెచ్చిపోసిన మట్టి అది. తూర్పు కనుమలు సముద్రం దాకా దిగివచ్చిన విశాఖ, భీమిలి ప్రాంతంలో మాత్రం ఖోండలైట్ రాళ్లు అలల్లోకి చొచ్చుకుపోయి ఉంటాయి. జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు కింది ఒడ్డు, రుషికొండ, మంగమారిపేట వంటి చోట్ల నీరు తీసినప్పుడు ఆ రాళ్ల సందుల్లో చిన్నచిన్న గుంటలు మిగులుతాయి. కొన్ని దోసెడు నీళ్లవి, కొన్ని మోకాటి లోతువి. తిరిగి పోటెక్కే దాకా ఆ నీళ్లే అక్కడి జీవులకు ఆధారం. ఎండకు వేడెక్కినా, వాన పడి ఉప్పు పలచబడినా తట్టుకోవాల్సిందే.

అక్కడ బతికేవి దాదాపు అన్నీ చిన్నవే. రాతికి అంటుకొని ఉండే సీ అనిమోన్ నీళ్లలో ఉన్నంతసేపు చేతులన్నీ చాపి ఉంటుంది. నీరు తీయగానే వాటిని లోపలికి ముడుచుకొని, ఒంట్లో తడి ఆరిపోకుండా జిగురు ముద్దగా మారిపోతుంది. రాతిని గరుకుగా చేసే తెల్లటి పెంకులను చచ్చిన గుల్లలనుకొని తొక్కుకుంటూ పోతాం. అవి బార్నకిల్స్, రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు. నీరు కమ్మగానే పెంకు మూత తెరిచి, సన్నటి కాళ్లను ఆడిస్తూ నీళ్లలోని ఆహారాన్ని వడకట్టుకుంటాయి. లింపెట్ అనే నత్తల్లో చాలా జాతులు నాచు మేయడానికి వెళ్లి, రాతి మీద తమ పాత చోటికే తిరిగి వచ్చి అతుక్కుంటాయి. న్యూడిబ్రాంక్ అనేది పెద్దయ్యాక గుల్ల లేకుండా బతికే సముద్రపు నత్త. చాలావరకు గోరంత, వేలంత ఉంటుంది. కంటికి కొట్టొచ్చే రంగులు. గుల్ల లేని లోటును వాటిలో కొన్ని మరో దారిన తీర్చుకుంటాయి. తాము తిన్న జీవుల ఒంట్లోని కుట్టే కణాలను అరిగించకుండా దాచుకొని, వాటినే తమ రక్షణకు వాడుకుంటాయి.

వీటిని ఫొటో తీయాలంటే ఖరీదైన కెమెరా కన్నా ముందు కావాల్సింది కుదురు. గుంట మీద మన నీడ పడితే చాలు, అన్నీ దాక్కుంటాయి. నీళ్ల మీద మెరుపు పడని వైపు చూసుకొని, మోకాళ్ల మీద కూర్చొని, కదలకుండా ఉండాలి. కాసేపటికి రాయి అనుకున్నది రెండు మీసాలు బయటపెట్టి నడక మొదలుపెడుతుంది. అది నత్తగుల్లలో కాపురమున్న సన్యాసి పీత. నాచు మచ్చ అనుకున్నది చేపపిల్ల అవుతుంది. ఈ రోజుల్లో ఫోన్‌కు తగిలించే చిన్న మ్యాక్రో లెన్స్ కూడా గోరంత జీవిని తెర నిండా చూపిస్తుంది. ఎక్కడా ఆగని మనల్ని ఒక్క గుంట దగ్గర కూర్చోబెట్టడమే ఈ సరదా చేసే మొదటి మేలు. తొందరపడినవారికి ఇక్కడ దక్కేది తడిసిన రాళ్ల బొమ్మే.

విశాఖ తీరంలో సముద్ర జీవులను బొమ్మకెక్కించడం కొత్త పనేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో రెండు సంపుటాలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలో చాలా చేపలను ఆయన ఇక్కడి జాలరుల నోట విన్న తెలుగు పేర్లతోనే పేర్కొన్నాడు. కానగంత చేప శాస్త్రీయ నామంలో నేటికీ ఉన్న ‘కనగుర్త’ ఆ పుస్తకం పుణ్యమే. వలకు చిక్కి కూరకు వచ్చేవాటికి అలా పేరూ బొమ్మా దక్కాయి. కూరకు రానివాటి వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, జి.సి. రావు వాల్తేరు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే కంటికి ఆనని జంతువుల మీద అధ్యయనాన్ని 1962లో ప్రచురించారు. మన పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టే ఇసుకే అది. దాని తడిలో అన్ని కుటుంబాలు కాపురాలు చేస్తున్నాయని సూక్ష్మదర్శిని పెట్టి చూస్తే గానీ తెలియలేదు.

చూడటం నేర్చుకున్నాక తెచ్చుకోవాలనిపించడం మనిషి నైజం. ఆ నైజం ఏం చేస్తుందో ఇంగ్లండ్ తీరం ఒకప్పుడు చూసింది. 1850లలో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు డెవన్ తీరంలోని రాతిగుంటల గురించి, ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి పుస్తకాలు రాశాడు. అవి చదివి ముచ్చటపడ్డ జనం తీరం మీద పడి దొరికినవన్నీ పట్టుకుపోయారు. గుంటలు వట్టిపోయాయి. తన రాతలే ఇంత పని చేశాయని తెలిసి తండ్రి ఎంతో నొచ్చుకున్నాడని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907 నాటి తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. తీరాన్ని ప్రేమించినవారి వల్లే తీరానికి ఆ చేటు వచ్చింది.

మన జేబుల్లోకి వచ్చే గవ్వల సంగతీ అలాంటిదే. ఒకటీ అరా గవ్వతో సముద్రానికి వచ్చే లోటేమిటని అడగొచ్చు. లక్షల మంది వచ్చే ఒడ్డున ఆ ఒకటీ అరా ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. పైగా వట్టి గుల్ల వట్టిది కాదు. సన్యాసి పీతకు సొంత పెంకు వెనుక భాగంలో మెత్తగా ఉంటుంది. ఒళ్లు పెరిగిన కొద్దీ అది మరింత పెద్ద గుల్లలోకి మారాలి. గుల్ల దొరక్కపోతే? పోలండ్ పరిశోధకులు జనం సామాజిక మాధ్యమాల్లో పెట్టిన ఫొటోలను వెదికి, చెత్తను ఇల్లు చేసుకున్న 386 సన్యాసి పీతలను గుర్తించి 2024లో ప్రకటించారు. వాటిలో ఎక్కువ ప్లాస్టిక్ మూతల్లోనే తల దాచుకున్నాయి. ఎవరో సరదాగా తీసి పెట్టిన బొమ్మలు ఇలా సాక్ష్యాలయ్యాయి. అన్నట్టు, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి 2001లో కొన్ని రకాల శంఖాలు, గవ్వలతో పాటు పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా చేరాయి. తెలియక ఏరుకున్నా నేరం నేరమే.

కాబట్టి గవ్వకు బదులు బొమ్మ తెచ్చుకోవడం మేలు. అలాగని బొమ్మ తీసేవాడు ఏమీ తీసుకుపోడనుకోవడం పూర్తి నిజం కాదు. మంచి ఫొటో కోసం రాళ్లు తిరగేసేవారున్నారు. రాతి కింద నీడలో బతికేవి ఎండకు మాడిపోతాయి, పైన వెలుగులో పెరిగిన నాచు అడుగునపడి చస్తుంది. జీవిని చేతిలోకి తీసుకొని నీళ్ల బయట పెట్టేవారున్నారు. గుంపుగా వచ్చి బార్నకిల్స్ మీద నడిచేవారున్నారు. గాస్ కాలంలో సీసా చేసిన పనిని మన కాలంలో లైకుల ఆశ చేయగలదు. నియమాలు నాలుగే. ముట్టుకోకూడదు. రాయి కదిపితే ఎలా ఉన్నది అలాగే పెట్టాలి. వట్టి రాతి మీద, ఇసుక మీద అడుగేయాలి. బొమ్మ రాలేదని జీవిని బాధించకూడదు. ముట్టుకోవద్దన్నది దాని మేలుకే కాదు, మన మేలుకు కూడా. శంకు ఆకారంలో అందంగా కనిపించే కోన్ నత్తలు విషపు ముల్లుతో పొడుస్తాయి. నాచు పట్టిన రాళ్ల మీద జారిపడటం, పోటెక్కే అలకు వీపు చూపడం అంతకన్నా ప్రమాదం. తోడు లేకుండా వెళ్లకూడదు.

ఇలా చూడటం నేర్పేవారు ఇప్పుడున్నారు. ముంబయిలో ‘మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి’ బృందం 2017 నుంచి అంత పెద్ద నగరపు ఒడ్డునే జనాన్ని వెంటబెట్టుకొని పాటు నడకలు నడిపిస్తోంది. విశాఖలో ‘ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్’ అదే పని చేస్తోంది. అటువంటి నడకల్లో తీసిన ఫొటోకు తేదీ, చోటు జతచేసి ఐనాచురలిస్ట్ వంటి వేదికలో పెడితే, ఎక్కడో ఉన్న నిపుణుడు ఆ జీవి ఏమిటో గుర్తిస్తాడు. రేపు ఆ ఒడ్డున ఏ కట్టడమో లేస్తానంటే, అక్కడ ఏముందని ఎవరైనా అడిగితే, చూపించడానికి ఆ బొమ్మలుంటాయి. పోటు గీతకూ పాటు గీతకూ మధ్యనున్న చోటు సముద్రానిదేనని 1991 నాటి తీర నియంత్రణ నిబంధనలు మొదలుకొని మన దేశం చెబుతూనే ఉంది. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటి గీత) ఎక్కడిదాకా అని వాదులాడుకున్న మన ప్రాంతానికి ఆ గీతల విలువ తెలుసు. కాగితం మీది గీతను కాపాడేది అక్కడ బతుకుందని చూసిన కళ్లే.

సముద్రం లేని రాష్ట్రంలో ఉన్నవాళ్లకు ఈ గొడవ ఎందుకనుకోవద్దు. దేశమంతటికీ అలల ఎత్తు, సునామీ హెచ్చరిక, పోటుపాట్ల వేళలు చెప్పే ‘ఇన్‌కాయిస్’ సంస్థ 1999 నుంచి ఉన్నది మన హైదరాబాద్‌లోనే. విశాఖలో ఏ రోజు ఏ గంటకు నీరు తీస్తుందో ఇబ్రహీంపట్నంలో కూర్చొని ఫోన్‌లో చూసుకోవచ్చు. అంతదూరం పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే బడులు ఆ ఒక్క గంటను తమ జాబితాలో చేర్చుకోగలిగితే చాలు. జలాంతర్గామి ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటుంది. రాతిగుంట మాత్రం తన గంటకే తెరుచుకుంటుంది. మన వీలుకు లొంగనిది ఒకటి లోకంలో ఉందని, దాని వీలు మనమే కనుక్కొని వెళ్లాలని పిల్లలకు తెలిస్తే, తర్వాత వాళ్లు చెరువును చూసే తీరు కూడా మారుతుంది. ఈసారి టికెట్లు తీసే ముందు క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడో చూడండి.