ఆదివారం ఒక్క అరగంట ఇవ్వండి

మా కాలనీ భజన బృందానికీ, తాళం తప్పకుండా పాడగల ఇరుగుపొరుగు వారికీ,

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పడిపోయాయి. మనం చెప్పేది అర్థమవుతుంది. కానీ మంచినీళ్లడగాలంటే 'నీ... నీ...' దగ్గరే ఆగిపోయి మొహం కందగడ్డయ్యేది. అదే మనిషి, ఓ శనివారం గుడి మైకులో మీ భజన వినబడుతుంటే, రామదాసు కీర్తన పల్లవి తప్పు లేకుండా అందుకున్నారు. అమ్మ గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. చూడ్డానికొచ్చిన చుట్టమొకాయన మాత్రం "పాటొస్తుంది గానీ మాట రాదా? అంతా నాటకం" అనేశాడు. ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు.

నాటకం కాదండీ. చాలామందిలో మాటను కూర్చే పని మెదడు ఎడమ భాగానిది. కుడి చెయ్యీ కాలూ దాని చెప్పుచేతల్లోనే ఉంటాయి. అక్కడికి రక్తం అందకపోతే అన్నీ కలిసే పోతాయి. ఇలా మాట పోవడాన్ని అఫేజియా అంటారు. పాటకు కుడి భాగం కూడా సాయపడుతుంది. పైగా ఏళ్ల తరబడి నోట నానిన ప్రార్థనలు, అంకెలు, తిట్లు ఒక్కోసారి చెక్కుచెదరవు. నాన్న నోట తిరిగొచ్చిన మొదటి మాట 'రైట్ రైట్'! మాట పోయినా చర్చి కీర్తనలు పాడగలిగిన మనిషి గురించి స్వీడన్‌లో ఓలోఫ్ దాలిన్ 1745లోనే రాశాడు. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ దీన్నే చికిత్సగా మలిచారు. పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ.

అలాగని కీర్తనలు పాడించినంత మాత్రాన మాట వచ్చేయదు. మొదట్లో మేమూ అలాగే అనుకుని నెలలు పోగొట్టుకున్నాం. రాగం కట్టాల్సింది రోజూ అవసరమయ్యే మాటలకి. 'నీళ్లు కావాలి'కి రెండే స్వరాలు: ఒత్తి పలికేది పైకి, మిగతావి కిందికి. నాన్న ఎడమ చెయ్యి పట్టుకుని అక్షరానికో దెబ్బ చొప్పున బల్ల మీద వేయిస్తాం. ముందు కూనిరాగం, ఆపైన ఇద్దరం కలిసి పాడడం, తర్వాత సగంలో మా గొంతు తగ్గించేసి ఆయన్ని ఒంటరిగా వదలడం. చివరికి "ఏం కావాలి నాన్నా?" అని అడిగి, రాగం కరిగించి మామూలు మాటలోకి దించుతాం. ఆ రెండు మాటలకే మూడు నెలలు పట్టింది. రాగం కంటే లయే ముఖ్యమనే పరిశోధకులూ ఉన్నారు. లయ మీకు ఒకరు నేర్పాలా?

మన నాలుగు వీధుల్లోనే ఇలాంటివాళ్లు ముగ్గురున్నారు. ఇంట్లోవాళ్లం అలిసిపోతాం, విసుక్కుంటాం. మీరు వారానికో అరగంట వచ్చి కూర్చుంటే చాలు. స్పీచ్ థెరపిస్టు రాసిచ్చిన మాటలే పాడించండి. ఎదుటివాళ్ల మాట అర్థంకాక, గడగడా పొంతన లేకుండా మాట్లాడేవారికి ఈ పద్ధతి పనికిరాదు. అందుకే థెరపిస్టు చూసి చెప్పినవాళ్ల దగ్గరికే పంపుతాం. ఇంకొక్కటి: చెవిటివాళ్లతో అరిచినట్టు అరవకండి, వాళ్ల నోట్లో మాట మీరు లాక్కోకండి.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి రామాలయం అరుగు మీద కలుద్దాం. నాన్నా వస్తారు. పలకరించాక మనసులో పది లెక్కపెట్టుకుని ఆగండి, ఆయనకి ఆమాత్రం టైం కావాలి.