రాజప్రముఖుని సంతకము

శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు ఎన్నాళ్లు తనయొద్ద నుంచుకొనవచ్చును? కొన్ని ఏండ్లుగా మన రాష్ట్రములను కలవరపెట్టుచున్న ప్రశ్న యిది. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వమే ఈ విషయమై సుప్రీంకోర్టు నాశ్రయించెను. రాజ్యాంగము 200వ అధికరణములోని ‘వీలైనంత త్వరగా’ అను మాట ఉత్తమాట కాదని న్యాయస్థానము ఆ సందర్భమున గుర్తుచేసెను. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు వ్యాజ్యములో ఇద్దరు న్యాయమూర్తులు గవర్నర్లకు గడువులు విధించిరి. పిమ్మట రాష్ట్రపతి అభిప్రాయము కోరగా, అదే యేడు నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అట్టి గడువులు విధించుట న్యాయస్థానము పని కాదనెను. అయితే, కారణము చెప్పక అంతులేని మౌనము వహించుట విచారణకు అతీతము కాదనియు చెప్పెను.

గవర్నరు పదవి యే మూసలో పోసినదో తెలిసినగాని ఈ చిక్కు బోధపడదు. ఆ మూస రాజ్యాంగబద్ధమైన రాజరికము. బ్రిటనులో రాజు కలడు, పాలన మంత్రులది. ఆ వ్యవస్థ మూడు ముళ్లపై నిలిచియున్నది. రాజు మంత్రుల సలహాకు కట్టుబడును. మంత్రులు సభకు జవాబు చెప్పుదురు. సభ్యులు ప్రజలకు జవాబు చెప్పుదురు. ఏ ముడి వదలినను తక్కిన రెండును వ్యర్థములే. అచ్చట పార్లమెంటు బిల్లుకు సమ్మతి నిరాకరింపబడుట 1708లో, ఆన్ రాణి కాలమున, కడసారి జరిగెను. వంశపారంపర్యముగా వచ్చిన సింహాసనము మూడు శతాబ్దులకు పైగా ఒక్క బిల్లునకైనను అడ్డు రాలేదు!

ఈ ముళ్ల విలువ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పెద్దలు గ్రంథములు చదివి నేర్చినది కాదు. నిజాము రాజ్యమున ఫర్మానాయే శాసనము. 1919లో కార్యనిర్వాహక మండలి యేర్పడెను గాని, దాని సభ్యులను నియమించువాడును తొలగించువాడును ప్రభువే. 1931లో దేవరకొండలోను, 1936లో షాద్‌నగరులోను ఆంధ్రమహాసభ సమావేశమై ప్రజల అక్కరలను తీర్మానముల రూపమున విన్నవించెను. విన్నవించుకొను వీలు కలదు గాని, జవాబు కోరు హక్కు లేదు. 1938లో స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహము కోరినది సైతము నిజామును తొలగించుమని కాదు. ఆయన ఛత్రచ్ఛాయలోనే బాధ్యతాయుత ప్రభుత్వము నొసగుమని. అనగా రాజ్యాంగబద్ధమైన రాజరికమునే అడిగిరి. 1939లో ప్రకటించిన సంస్కరణములు ఒక శాసనసభను చూపినవి గాని, మంత్రులను దానికి బాధ్యులను చేయలేదు. అంత స్వల్పమైన కోరిక తీరకపోవుట వలననే తరువాతి పోరాటము తీవ్రరూపము దాల్చెనని నా విశ్వాసము.

1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించెను. 1949 నవంబరు 23న నిజాము, భారత రాజ్యాంగమే తన రాజ్యమునకును వర్తించునని ఫర్మానా వెలువరించెను. 1950 జనవరి 26న ఆయన రాజప్రముఖు డయ్యెను. హైదరాబాదునకు సంబంధించినంతవరకు, రాష్ట్రపతి నిజాముగా గుర్తించిన వ్యక్తియే రాజప్రముఖుడని 366వ అధికరణము చెప్పెను. రాష్ట్ర పాలనకు సంబంధించిన భాగములో గవర్నరు అనుచోట రాజప్రముఖుడని చదువుకొనవలెనని 238వ అధికరణము నిర్దేశించెను. ఒకనాడు ఎవరి మాటయే చట్టమో, ఆయనయే మంత్రుల సలహా మేరకు సంతకము చేయవలసిన వాడయ్యెను.

అయినను 1950లో పడినది మొదటి ముడి మాత్రమే. ముఖ్యమంత్రి వెల్లోడిగారు ఐ.సి.యస్. ఉద్యోగి. ఎన్నికైన శాసనసభ లేదు. ప్రభుత్వము ఢిల్లీకి జవాబు చెప్పుచుండెను. సైన్యపు నిఘాలోనున్న నల్లగొండ పల్లెలలోని రైతు తన గోడును ఏ సభలో వినిపింపవలెను? ఈ రెండేండ్ల ముచ్చట విద్యార్థులు ముఖ్యముగా గమనింపదగినది. రాజు చేతులు కట్టినంత మాత్రమున ప్రజల చేతికి అధికారము రాదు.

1952 ఎన్నికలతో మిగిలిన రెండు ముళ్లును పడినవి. 175 స్థానముల సభకు షాద్‌నగరు నుండి శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారును, సంస్థానాధీశుల రాజధానియైన వనపర్తి నుండి గోలకొండ పత్రిక స్థాపకులు శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారును ఎన్నికైరి. నల్లగొండ నుండి శ్రీ రావి నారాయణరెడ్డిగారు దేశములోకెల్ల అధికమైన ఆధిక్యముతో లోక్‌సభకు ఎన్నికైరి. నిన్నటివరకు అజ్ఞాతవాసములోను, కారాగారములోను ఉన్నవారు శాసనసభలో ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండిరి. మార్చి 6న బూర్గులవారి మంత్రివర్గము ఏర్పడెను. 1950 నాటి కౌలుదారీ చట్టమును 1954లో సవరించినది ఈ సభయే. అంతకు మునుపు, 1949లో, జాగీర్లను రద్దుచేసినది సైనిక ప్రభుత్వము. రెండును రైతునకు మేలు చేసినవే. కాని మొదటిదానిని ప్రశ్నించుటకు రైతునకు ప్రతినిధి లేడు, రెండవదానికి కలడు.

1956 నవంబరు 1న రాజప్రముఖ పదవి అంతరించెను. ఆ స్థానమునకు గవర్నరు వచ్చెను. పేరు మారినను, మంత్రుల సలహాపై నడచుకొనవలెనను విధి మారలేదు. నాడు తరతరాల ప్రభువును కట్టివేసిన నియమము, నేడు కేంద్రము నియమించు వ్యక్తిని కట్టివేయలేదనుట యెట్టి న్యాయము?

శాసనసభ తొందరపడినచో వారించువా డొకడు ఉండవలదా యని కొంద రందురు. ఉండవలసినదే. మార్గమును రాజ్యాంగమే చూపినది. ద్రవ్యబిల్లు కానిచో, పునఃపరిశీలనకై సందేశముతో తిప్పి పంపవచ్చును. సభ మరల ఆమోదించినచో సమ్మతి నిరాకరింపరాదు. తిప్పి పంపుట సభతో సంభాషించుట. పెట్టెలో దాచుట సంభాషణనే త్రుంచుట. గడువు విధించుట న్యాయస్థానము పని కానిచో, అది పార్లమెంటు పని. 200వ అధికరణమును సవరించి గడువు చేర్చుట యుక్తము.

ఉపాధ్యాయ మిత్రులు పౌరశాస్త్రము బోధించునపుడు రాష్ట్రపతి, గవర్నరు, ముఖ్యమంత్రి అని పదవుల జాబితా వల్లె వేయించి విడువరాదు. ప్రతి సంతకము వెనుకను ఎవరి సలహా యున్నది, ఆ సలహాదారు ఎవరికి జవాబుదారి అని అడుగుట నేర్పవలెను. 1938లో ఆ ప్రశ్న అడిగినందుకు మనవారు చెరసాలలకు పోయిరి. నేడు దానిని తరగతి గదిలో నిర్భయముగా అడుగవచ్చును, అడుగకుండుటయే అపరాధము.