‘ఊరికే రెండు మాటలు’ అంటే నమ్మొద్దు!

‘ఊరికే రెండు మాటలు అడిగి పంపిస్తాం, స్టేషన్ దాకా రా’. ఫోన్లో పిలుపు. కాగితం ఉండదు, సెక్షన్ ఉండదు. సాక్షిగానా, ముద్దాయిగానా అంటే జవాబు ఉండదు. మనోళ్లు చొక్కా తొడుక్కుని ఒంటరిగా బయల్దేరతారు.

2023 ఆగస్టు 4న అంగళ్లు, పుంగనూరుల్లో జరిగిన గొడవ మదనపల్లె చుట్టుపక్కల అందరికీ తెలుసు. అంగళ్లు కేసులో కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబునాయుడినే ముదివేడు పోలీసులు ఏ-1 చేశారు. ఆయనకు లాయర్లున్నారు. అక్టోబర్‌లో హైకోర్టు నుంచి ముందస్తు బెయిల్ తెచ్చుకున్నారు. తప్పనడం లేదు, అది ఆయన హక్కు. మరి జెండా మోసినోడి సంగతేంది? ఎఫ్‌ఐఆర్‌లో ‘మరికొందరు’ అనే ఒక్క మాట ఉంటే చాలు, ఎవరి పేరైనా ఇరికించొచ్చు. ‘నేను ఆడనే ఉండినా సార్, ఏమీ చేయలేదు’ అన్న అమాయకుడు దొరికిపోయినట్టే! ఆ మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లకపోవచ్చు. అరెస్టుకు మాత్రం దారి చూపిస్తుంది.

ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథికి 1977లో పోలీసులు ప్రశ్నలు రాసిచ్చారు. ఆమె జవాబివ్వనన్నారు. 1978లో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ కలంతో, మౌనంగా ఉండే హక్కు స్టేషన్‌లోనే మొదలవుతుందని, లాయర్ పక్కన ఉండాలని అడిగితే కాదనకూడదని తేల్చింది. మాజీ ముఖ్యమంత్రికో చట్టం, మనకో చట్టమా?

అట్లని అన్నిటికీ నోరు మూసుకోమనడం లేదు. దొంగతనం జరిగిందా, దెబ్బలు తిన్నారా, లాయర్ కోసం ఆగకుండా ఫిర్యాదివ్వండి. పేరు, ఊరు నిజం చెప్పండి. సాక్షి నిజం చెప్పాల్సిందే. ప్రశ్న మీ మీదికే తిరిగిందా, అక్కడ ఆగండి, లాయర్‌ను అడగండి. రాతపూర్వక నోటీసొస్తే ఎగ్గొట్టొద్దు, అదే అరెస్టుకు సాకవుతుంది. ఆడవాళ్లను, 60 దాటినోళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రప్పించకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. విచారణలో చెప్పిన వాంగ్మూలంపై సంతకం పెట్టాలని చట్టం అడగదు.

ఉద్యోగ మిత్రులు మరీ జాగ్రత్త. 2024 జులై 21న మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసు తగలబడినప్పుడు ప్రశ్నలు ఉద్యోగుల మీదికే వచ్చాయి. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. ఫీజు లేదని భయపడొద్దు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇవ్వాలి. నంబరు 15100.

నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలోనే చెప్పింది. మరి ఉత్త ఫోన్ పిలుపు ఎట్లా చెల్లుతుంది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం పోలీసు అధికారులను మేం అడుగుతున్నాం: ఒక్క కాగితం రాసివ్వడానికి మీకేం అడ్డం?