చూడకుండా వినలేరా?

సంగీతాన్ని చెవులతో వింటారనుకునేదాన్ని. నవంబరులో రెండు వారాలు న్యూజెర్సీలో మా అక్క వాళ్లింట్లో ఉండి వచ్చాక ఆ నమ్మకం పోయింది.

అక్క కూతురికి పదిహేడేళ్లు. పియానోలో డిగ్రీ చెయ్యాలని తన కోరిక. అమెరికాలో పేరున్న సంగీత పాఠశాలలు చాలావరకు నేరుగా ఆడిషన్‌కి పిలవవు. ముందు రికార్డింగులు పంపాలి. వాటిలోంచి ఏరినవాళ్లకే పిలుపు. చాలాచోట్ల డిసెంబరు 1 గడువు. బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్, బీథోవెన్ సొనాటా, షోపాన్ ఎట్యూడ్, ఇంకో రొమాంటిక్ యుగపు రచన... జాబితా ఇంచుమించు ఇదే. ఒక్కో భాగాన్నీ ఎక్కడా అతుకు లేకుండా ఒకే విడతలో వాయించాలి. వీడియోలో చేతులూ ముఖమూ రెండూ కనపడాలి.

దగ్గర్లోని చర్చి హాల్లో గ్రాండ్ పియానో ఉంటే గంటల లెక్కన అద్దెకి తీసుకున్నాం. హీటర్ ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతోందని ఆపేశాం. చలికి పిల్ల వేళ్లు కొంకర్లు పోయాయి. వేడినీళ్ల సీసా పట్టుకుని వెచ్చచేసుకుంటూ వాయించింది. షోపాన్ ఓపస్ 10లోని నాలుగో ఎట్యూడ్ రెండు నిమిషాల చిల్లర ఉంటుంది. కుడిచేతి పరుగుని ఎడమచెయ్యి అందుకోవాలి. మూడోసారి అద్భుతంగా వచ్చింది. ఎడమచేతి స్వరాలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయి.

సాయంత్రం పియానో టీచరు అన్నీ చూసింది. ఆవిడా ఆడమనిషే. "వినడానికి మూడోది బాగుంది. కానీ ఐదోది పంపండి. మూడోదాంట్లో మొహం ముడుచుకుపోయింది, జుట్టు కళ్లమీద పడింది. ఐదోదాంట్లో ఆత్మవిశ్వాసం కనిపిస్తోంది" అంది. కనిపిస్తోంది! ఐదోదాంట్లో రెండు స్వరాలు తప్పాయి. అదే పంపాం.

అంతకుముందే అక్క భుజాలు కనపడే గౌను వద్దని నల్ల జాకెట్ వేయించింది. స్త్రీల రచనల మీద పీహెచ్‌డీ చేసిన నేను తక్కువ తిన్నానా? కెమెరా వెనక నిలబడి "కాస్త నవ్వుమొహం పెట్టవే" అన్నాను. "చేతులు చూసుకోనా, మొహం చూసుకోనా పిన్నీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

టీచరుని తప్పుపట్టలేను. ఆవిడకి లోకం తెలుసు. చియా-జంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు 2013లో ప్రచురించిన అధ్యయనం కోసం సంగీత పోటీల్లో తుదిదశకి వచ్చినవాళ్ల క్లిప్పులు కొందరికి ఇచ్చి విజేత ఎవరో చెప్పమంది. శబ్దం మాత్రమే విన్నవాళ్లు పోల్చుకోలేకపోయారు. శబ్దం తీసేసిన వీడియో చూసినవాళ్లు పోల్చుకున్నారు. వృత్తి సంగీతకారుల విషయంలోనూ అదే జరిగింది.

దీనికి విరుగుడు సంగీతలోకానికి తెలియంది కాదు. 1970, 80లలో చాలా అమెరికన్ ఆర్కెస్ట్రాలు ఆడిషన్‌లో అభ్యర్థికీ నిర్ణేతలకీ మధ్య తెర కట్టాయి. చెప్పుల చప్పుడుతో ఆడో మగో తెలిసిపోతుందని కొన్నిచోట్ల తివాచీ కూడా పరిచారు. అయిదు పెద్ద ఆర్కెస్ట్రాల్లో 1970లో 5 శాతం కూడా లేని స్త్రీలు 1997 నాటికి 25 శాతమయ్యారు. ఇందులో తెరకి వాటా ఉందని క్లాడియా గోల్డిన్, సిసిలియా రౌజ్ 2000లో వాదించారు. వాళ్ల లెక్కలు బలహీనమని తర్వాత విమర్శలొచ్చాయి. ఘనతంతా తెరదేనని నేనూ అనను. కానీ తెర కడితే సంగీతం చెడిపోయిందని ఎవరైనా చూపించారా?

మనకి తెర అంటే ఘోషా. పరాయి చూపు నుంచి కాపాడతామని స్త్రీలనే దాని వెనక కూర్చోబెట్టారు. ఆర్కెస్ట్రా తెర దానికి తలకిందులు. అది కట్టింది స్త్రీకి కాదు, చూసేవాళ్ల కళ్లకి. మరి ఉద్యోగానికి వచ్చిన వయోలిన్ కళాకారిణికి ఇచ్చిన ఆ న్యాయం, తలుపు దగ్గర నిలబడ్డ పదిహేడేళ్ల పిల్లకి ఎందుకివ్వరు?

వీడియో లేకపోతే మోసం చేస్తారంటారు. వేరేవాళ్ల చేత వాయించి పంపుతారంటారు. సరే, వీడియో ఆఫీసుకి ఇస్తాం, అక్కడ సరిచూసుకోండి. నిర్ణేతలకి మాత్రం పేరు తీసేసి శబ్దం ఒక్కటే పంపండి. చేతుల వాటం చూడాలంటారా? రెండో విడతలో మనిషే ఎదురుగా కూర్చుంటుంది కదా!

తెర అన్నిటికీ మందు కాదు. హాలు అద్దె కట్టలేని పిల్ల అసలు తెర దాకా రాదు. పిల్ల వాయించిన జాబితాలో అందరూ మగవాళ్లే కావడం, 1841లో ఫానీ హెన్సెల్ పన్నెండు నెలల మీదా పియానో రచనలు చేసినా ఆ పేరు అందులో లేకపోవడం ఇంకో పోరాటం. అవి మిగిలి ఉన్నాయని దీన్ని వదిలెయ్యలేం.

పిల్లకి పిలుపొచ్చింది. అందరం సంతోషించాం. "నా వేళ్లకా పిన్నీ, జాకెట్‌కా?" అని ఫోన్లో నవ్వుతూ అడిగింది. గెలిచిన పిల్లకి కూడా ఈ అనుమానం మిగిల్చే పద్ధతిని ప్రతిభకి కొలమానం అనడం అన్యాయం. మూడో టేక్ నా ఫోన్లో ఉంది. కళ్లు మూసుకుని వింటున్నాను. నిర్ణేతలనీ అదే చెయ్యమంటున్నాను.