ఎందుకు? ఎలా? — ఒకే పెట్టెలో రెండు కార్డులు

"మా అన్నయ్య ఆటల కంప్యూటరులో రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. రెండూ ఒకే రకానివి. కాని పైకార్డు ఎప్పుడూ ఎక్కువ వేడెక్కుతుంది. ఎందుకు?" అని ఒక పాఠకుడు అడుగుతున్నాడు.

"వేడిగాలి పైకి పోతుంది గనక" అని మీలో చాలామంది చటుక్కున జవాబు చెబుతారు. అది కొద్దిగానే నిజం. అసలు కారణం వేరే వున్నది.

ముందు ఈ వేడి ఎక్కణ్ణించి వస్తున్నదో చూద్దాం. తెరమీది బొమ్మ అంతా చుక్కల మయం. అడ్డంగా 1,920, నిలువునా 1,080 చుక్కలుండే తెరలో మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే, సెకనులో 12 కోట్ల పైచిలుకు చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఆ లెక్కలన్నీ వేసేది గ్రాఫిక్స్ కార్డే. అందుకు అది తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. 2020 లో వచ్చిన జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3090 కార్డు ఒక్కటే 350 వాట్లు తీసుకుంటుంది. రెండు పెడితే 700! ఇంచుమించు ఒక ఇస్త్రీపెట్టెను పెట్టెలో పెట్టి మూసినట్టే.

మామూలు పెట్టెలో ఈ కార్డులు ఒకదాని కింద ఒకటి పడుకుని వుంటాయి. వాటి ఫానులు కిందివైపుకు తిరిగి వుంటాయి. కిందికార్డు ఫానుల ముందు ఖాళీ వుంటుంది గనక అది హాయిగా చల్లగాలి పీలుస్తుంది. పైకార్డు ఫానులకు ఎదురుగా, కొద్ది దూరంలోనే, కిందికార్డు వీపు వుంటుంది. అది కాగిన పెనం లాటిది. ఆ సందులో దూరే గాలే తక్కువ, దూరినదీ వేడిదే. ఒకే దుప్పటిలో ఇద్దరు ముసుగుతన్ని పడుకుంటే ఎలా వుంటుందో ఆలోచించండి!

వేడి మితిమీరితే కార్డు తన్ను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఆట కుంటుతుంది. రెండోకార్డుకు పెట్టిన డబ్బు సగం గాలికి పోయినట్టే.

దీనికి ఉపాయాలున్నాయి. కార్డుల మధ్య వీలైనంత ఎడం వుంచటం మొదటిది. రెండోది, తగిన కార్డును ఎన్నుకోవటం. రెండు మూడు ఫానులున్న కార్డులు వేడిగాలిని చాలావరకు పెట్టెలోనే వదులుతాయి. ఒకే ఫాను గాలిని కార్డు పొడవునా తోసి, పెట్టె వెనక కంతలగుండా బయటికి పంపే రకం కూడా వున్నది. అది చప్పుడెక్కువ చేస్తుంది, కాని ఇరుకులో అదే మేలు. మూడోది, గాలికి దారి చూపటం: ముందు ఫానులు చల్లగాలిని లోపలికి లాగాలి, వెనకవీ పైవీ వేడిగాలిని బయటికి తోయాలి. అదీ చాలకపోతే గొట్టాలలో నీరు తిప్పి, వేడిని రేకుల చట్రం దాకా మోయించి, అక్కడ ఫానులతో చల్లార్చుతారు.

అయితే ఎన్ని ఫానులు పెట్టినా కార్డు గదిగాలికన్న చల్లబడదు. మే నెలలో విజయవాడలో గది 40 డిగ్రీలుంటే, పెట్టెలోకి పోయేదీ ఆ గాలే. అంచేత కంప్యూటరును బీరువాలో ఇరికించరాదు, గోడకు ఆనించరాదు.

ఆటలకోసం రెండు కార్డులను జతచేసే పద్ధతి 1998 లో వూడూ-2 కార్డులతో ప్రసిద్ధికెక్కింది. ఇప్పటి ఆటలు దాదాపు అన్నీ ఒక్క కార్డుతోనే నడుస్తాయి. కాని పెద్ద పెద్ద లెక్కలు చేసే యంత్రాలలో నాలుగేసి, ఎనిమిదేసి కార్డులు పక్కపక్కనే పనిచేస్తున్నాయి. వాటికీ ఇదే చిక్కు!

మీ ఇంట్లో కంప్యూటరు వుంటే ఒక పరీక్ష చెయ్యండి. పల్చని కాగితపు ముక్కను పెట్టె బయట, కంతల దగ్గర పట్టుకోండి. కాగితం అంటుకుంటే గాలి లోపలికి పోతున్నదన్నమాట. ఎగిరితే బయటికి వస్తున్నదన్నమాట. రెండూ జరగకపోతే దుమ్ము పేరుకున్నదేమో చూడాలి. దుమ్ము దులిపే పని మాత్రం, కరెంటు తీగ పీకిన తరవాత, పెద్దవాళ్ళు చెయ్యాలి.